పిల్లులున్న ఇంట్ల క్రిస్మస్ చెట్టు: పడకుండ, కొరకకుండ ఎట్ల పెట్టాలె?

ప్రశ్న: బాలసముద్రం_రెండుపిల్లులు

అందరికి నమస్తే. హన్మకొండల ఉంటం. ఇంట్ల రెండు పిల్లులున్నయి. ఒకటి ఎనిమిది నెలల మగది, దానికింక పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ కాలేదు. ఇంకోటి ఐదేండ్ల ఆడది, దానికి అయింది. చెట్టు ఆరడుగుల ప్లాస్టిక్‌ది, మూడు కాళ్ల ఇనుప స్టాండు. ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారం పెట్టి జనవరి 6 దాక ఉంచుతం, అంటే ఐదారు వారాలు నిలవాలె. హాల్ల కిటికీ పక్క మూలకు జాగ ఉంది, దానికి రెండడుగుల దూరంల దివాన్ ఉంటది. కింద వరిగడ్డి వేసి యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ కూడ పెడ్తం.

మగపిల్లి దేన్ని చూసినా ఎక్కుతది, పెద్దది ఊగే దాన్ని చూస్తే పంజా కొడ్తది. చెట్టు పడకుండ ఏం చెయ్యాలె? సీరియల్ సెట్ వైర్లు కొరికితే ఏమైతది? డాంబర్ గోలీలు మూటకట్టి కింద పెడితే పిల్లి దగ్గరికి రాదని షాపుల చెప్పిన్రు, పెట్టొచ్చా? చమ్కీ దండలు, గాజు బంతులు, దూది ఇవన్ని ఇంట్ల ఉన్నయి. ఏవి వాడొచ్చు, ఏవి వద్దో చెప్పుండ్రి.

జవాబు: కాజీపేట_పిల్లులపెంపకం

డాంబర్ గోలీలు మాత్రం పెట్టకుండ్రి. అది పిల్లికి విషం. ఆ ముక్క ముందే చెప్పి మిగతాది చెప్తున్న.

అందరు చెట్టు పడుడు గురించే ముందు అడుగుతరు. పిల్లి ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం దారం లెక్క పొడుగ్గ ఉండే చమ్కీ. దాని తర్వాత కరెంటు వైరు. చెట్టు పడుడు మూడోది. కాబట్టి చమ్కీ దండలు, సన్న మెరుపు తీగలు, కేకు డబ్బాల రిబ్బన్లు ఈ ఇంట్ల వద్దే వద్దు. పైకి కట్టినా పనికిరాదు, అవి రాలి కిందికొస్తయి. వాటి జాగల గ్లేజ్ కాగితం మూడు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, గొలుసు లెక్క జిగురుతోని అతికించి వేసుకోండ్రి. లాగితే చినిగిపోతది, లోపల దారం ఉండదు.

ఇగ చెట్టు సంగతి. మూడు కాళ్ల స్టాండు కాలు దిక్కు పడదు, రెండు కాళ్ల నడుమ సందు దిక్కు పడ్తది. కాలు 25 సెంటీమీటర్ల పొడుగుంటే సందు దిక్కు చెట్టుకున్న ఆసరా నడిమి రాడ్ నుంచి పన్నెండున్నర సెంటీమీటర్లే. చెట్టు ఐదు కిలోలు, పిల్లి నాలుగు కిలోలు అనుకోండ్రి. పిల్లి రాడ్‌కు 30 సెంటీమీటర్ల దూరంల కొమ్మ పట్టుకొని ఊగితే చాలు, చెట్టు ఒరుగుతది. దుంకి పట్టుకుంటే అసలు లెక్కే లేదు, దెబ్బ ఇంకా చాన ఎక్కువ పడ్తది. అందుకే స్టాండును నమ్ముకోవద్దు.

పాత 20 లీటర్ల పెయింటు బకెట్ తీసుకోండ్రి. నడుమ ఒకటిన్నర ఇంచు పీవీసీ పైపు ముక్క, ఒక అడుగు పొడుగుది, నిలువుగ నిలబెట్టి చుట్టు ఇటుక ముక్కలు బిగియ్యాలె. సందులల్ల పొడి ఇసుక పోసి కర్రతోని కుదియ్యాలె. పది లీటర్ల ఇసుకనే పదహారు కిలోల దాక తూగుతది, ఇటుకలతోని కలిపి ఇరవై దాటుతది. చెట్టు రాడ్ ఆ పైపుల దిగాలె, వదులుంటే కాగితం మడిచి కొట్టాలె. పచ్చి ఇసుక వద్దు, రాడ్ తుప్పు పడ్తది. ఇంకో సంగతి: ఇసుక బయటికి కనపడితే పిల్లి దాన్ని దొడ్డికి పోయే జాగ అనుకుంటది. పైపు చుట్టు పట్టేటట్టు రంధ్రం కోసిన ప్లైవుడ్ మూత పెట్టుండ్రి, లేకుంటే పిడికిలంత గులకరాళ్లు నిండ పేర్చుండ్రి. ఇది మరిచిపోతే మూడో రోజుకు హాల్ల వాసన మొదలైతది.

బరువు పెట్టినా చెట్టును కట్టాలె. నాలుగడుగుల ఎత్తుల నడిమి రాడ్‌కు రెండు తాళ్లు కట్టి, కిటికీ గ్రిల్‌కు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి గుంజి ముడెయ్యాలె. నూలు తాడు పెన్సిల్ మందం ఉండాలె. గాలపు దారం కనపడదని కడతరు, అది తెగితే చమ్కీ అంత ప్రమాదమే. కొమ్మకు కడితే కొమ్మ ఊడొస్తది, రాడ్‌కే కట్టాలె. ముడి చివర్లు పొట్టిగ కోసెయ్యాలె, వేలాడితే పెద్దపిల్లి వాటితోని ఆడుకుంటది.

దివాన్ రెండడుగుల దూరంల ఉంటే అది ఎక్కుడుమెట్టే. మంచిగున్న పిల్లి నిలబడ్డ కాడికెళ్లి ఐదడుగుల ఎత్తు ఎగురుతది. చెట్టు చుట్టు దివాన్, కుర్చీ, టీవీ బల్ల ఏదున్నా నాలుగైదు అడుగుల దూరం జరపాలె. కిటికీ గూట్ల పిల్లి కూసునే అలవాటుంటే ఆ కిటికీ వద్దు. దాన్ని పిల్లికే వదిలేసి చెట్టును ఇంకో మూలకు పెట్టుండ్రి. పిల్లి కూసునే జాగను లాక్కుంటే అది చెట్టు మీద కూసుంటది.

పెట్టుడు కూడ ఒక్కరోజుల వద్దు. మొదలు ఉత్త చెట్టు, నాలుగు రోజులు. అది వాసన చూస్తది, చెంపలు రాస్తది, ఒకటి రెండుసార్లు ఎక్కబోతది. అప్పుడు అరవకుండ ఎత్తి కింద పెట్టి, దాని బొమ్మతోని ఆడించాలె. కొత్త వస్తువు మీద దాని ఆశ మొదటి రోజులల్లనే ఎక్కువుంటది, అదే టైముల అలంకరణ కూడ ఉంటే రెండు ఆశలు కలుస్తయి. నాలుగు రోజులైనంక లైట్లు కట్టి వెలిగియ్యకుండ రెండు రోజులు, ఆ తర్వాత వెలిగించి రెండు రోజులు, చివరికి బొమ్మలు.

బొమ్మలు కట్టుడు: కింది రెండడుగులు ఉత్తగనే ఉండాలె. దాని పైన రెండడుగులల్ల గుడ్డవి, చెక్కవి, పగలని ప్లాస్టిక్‌వి. పై రెండడుగులల్ల మాత్రమే మీకు ప్రాణమైన బొమ్మలు. నిర్మల్ చెక్క పిట్టలు పొణికి కర్రతోని చేస్తరు, తేలికగుంటయి కాబట్టి కొమ్మ వంగదు. పెంబర్తి ఇత్తడి గంటలు మంచిగ కనపడ్తయి గాని బరువు, పై కొమ్మకు పెద్దవి వద్దు. ఇనుప కొక్కేలు పూర్తిగ మానెయ్యాలె. పంజా కొడితే కొక్కెం జారి కిందపడ్తది, నోట్ల గుచ్చుకుంటది. ఇంటి వైరింగుల మిగిలిన ఒక చదరపు మిల్లీమీటర్ వైరు ముక్క, జానెడు పొడుగుది తీసుకొని బొమ్మ వళయంల నుంచి పోనిచ్చి కొమ్మకు రెండు చుట్లు తిప్పి మెలేస్తే పిల్లి లాగినా రాదు. కొమ్మ కొసకు కట్టకుండ ఆరు అంగుళాలు లోపలికి, రాడ్ దిక్కు కట్టుండ్రి. ఊగేదే పిల్లిని పిలుస్తది, లోపల కట్టింది ఊగదు. గాజు బంతులు ఈ యేడు వద్దు, మగపిల్లికి రెండేండ్లు వచ్చినంక చూసుకోవచ్చు. ఉప్పు పిండితోని చేసిన బొమ్మలు కూడ వద్దు, వాటిల ఉప్పు పిల్లికి తట్టుకోలేనంత ఉంటది.

వాసనలతోని తరుముడు గురించి. సంత్రా తొక్కలు బకెట్ చుట్టు పెడితే కొన్ని పిల్లులు జరుగుతయి, కొన్ని పట్టించుకోవు. రెండు రోజులకు ఎండిపోతయి, మార్చాలె. హాని తక్కువ కాబట్టి చూడొచ్చు. అల్యూమినియం ఫాయిల్ బకెట్ చుట్టు రెండడుగుల వెడల్పు పరిస్తే అడుగేస్తే చప్పుడైతది, చాన పిల్లులకు నచ్చదు, కాని రెండు వారాలల్ల అలవాటైతది. మొదటి వారాలకు పనికొస్తది. నీళ్లు స్ప్రే కొట్టుడు మాత్రం పని చెయ్యదు. మీరున్నప్పుడు ఆగుతది, మీరు పడుకున్నంక ఎక్కుతది.

ఇంకా ముఖ్యమైంది, పొద్దున, సాయంత్రం పావుగంట చొప్పున మగపిల్లిని ఉరికించి ఆడియ్యాలె, ఆడినంక అన్నం పెట్టాలె. సాయంత్రం లైట్లు వేసే ముందే ఆడిస్తే అది తిని పడుకుంటది. హాల్ల ఇంకో మూలకు నాలుగడుగుల కర్రకు గోనెసంచి చుట్టి సుతిలి తాడు బిగించి నిలబెడితే ఎక్కుడుకు దానికో జాగ ఉంటది. ఎక్కే జాగ ఇయ్యకుండ ఎక్కొద్దంటే అది వినదు.

జవాబు: కరీంనగర్_వైరింగ్‌పని

లైట్ల గురించి నేను చెప్తా. చౌరస్తల రెండు పిన్నుల ప్లగ్గు, ఆకుపచ్చ వైరు, మధ్యల చిన్న డబ్బ ఉండే సీరియల్ సెట్ అమ్ముతరు గద, దాంట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఎల్‌ఈడీలు వరుసగ కట్టి 230 వోల్టులను నేరుగ పంచుతరు. ఒక్క బల్బు మీద మూడు వోల్టులే పడ్తయి గాని, ఆ వైరుకు నేలకు నడుమ 230 దాక ఉంటది. పిల్లి తడి గచ్చు మీద నిలబడి కొరికినా, ఒక్కసారే రెండు వైర్లను కొరికినా షాకే. ఆ వైరు మీద తొడుగు ఎంత పలుచగుంటదంటే గోరుతోనే ఊడొస్తది. పిల్లి కోరపన్ను సంగతి చెప్పేదేముంది.

ఇంకో తిరకాసు ఉంది. రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పినా పెట్టొచ్చు కాబట్టి డబ్బ మీద బటన్ నొక్కి ఆర్పినా వైరుల ఫేజ్ ఉండొచ్చు. ఆర్పుడంటే బోర్డు కాడ స్విచ్ బంద్ చేసి ప్లగ్గు పీకుడే.

కొనేటప్పుడు అడాప్టర్ ఉన్న సెట్ అడుగుండ్రి. మొబైల్ చార్జర్ అసొంటి డబ్బ ప్లగ్గుకే ఉంటది, దాని మీద ఔట్‌పుట్ 5, 12, 24 లేదా 31 వోల్టులు డీసీ అని రాసుంటది. అసొంటి సెట్‌ల వైరు కొరికినా ప్రాణం పోయేంత షాక్ రాదు. యూఎస్‌బీ సెట్ అయితే బీఐఎస్ గుర్తున్న చార్జర్‌కే పెట్టుండ్రి. నాసిరకం చార్జర్ల లోపల 230 వైపుకు, 5 వైపుకు నడుమ ఎడం సరిగ ఉండదు. బ్యాటరీ సెట్ తీసుకుంటే మామూలు సన్న సెల్లులు పట్టేది, మూతకు స్క్రూ ఉన్నది చూసుకోండ్రి. బిళ్ల బ్యాటరీల సెట్ వద్దు, అది మింగితే గొంతు లోపల గంటలల్లనే కాలుతది.

వైరు పోయే తోవ ముఖ్యం. నేల మీదికెళ్లి తీసుకపోతే అదే ముందు కొరుకుతది. ఎక్స్‌టెన్షన్‌ను గోడ మీద కేసింగ్-కేపింగ్‌ల (వైరును మూసే ప్లాస్టిక్ పట్టీల) వేసి కిటికీ ఎత్తు దాక తెచ్చి, చెట్టు వెనకకెళ్లి పైన దిగెయ్యాలె. కేసింగ్ కొట్టుడు వద్దనుకుంటే 20 మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ పైపు కొని, పొడుగ్గ కోసి వైరు మీద తొడగుండ్రి. చెట్టు మీద వైరును రాడ్ దగ్గరికెళ్లి లోపల చుట్టి ప్రతి జానెడుకు ఒక ట్యాగ్ (వైరును బిగించే ప్లాస్టిక్ పట్టీ) వెయ్యాలె. ట్యాగ్ కొసలు కోసినంక నేల ఊడ్చుండ్రి, అవి మింగే పిల్లులున్నయి. కింది రెండడుగులల్ల లైట్లే వద్దు.

ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే బంద్ అయ్యే స్విచ్) ఉందా చూసుకోండ్రి. నేలకు లీకైతే అది కొట్టేస్తది. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒక్కసారే కొరికితే మాత్రం దానికి తెల్వదు, ఎందుకంటే పోయిన కరెంటు, వచ్చిన కరెంటు సమానమే ఉంటది. కాబట్టి అది ఉంది కదా అని పాత సెట్ వాడొద్దు.

దూది గురించి అడిగిన్రు. మంచు లెక్క దూది పరిచి దాని మీదికెళ్లి సీరియల్ సెట్ వేస్తరు, అది చాన తప్పు. వైరు ఒక్క జాగల తొడుగు పోయి నిప్పురవ్వ లేస్తే దూది క్షణంల అంటుకుంటది, ప్లాస్టిక్ చెట్టు దానికి తోడైతది. పిల్లి ఉన్న ఇంట్ల తొడుగు పోయే అవకాశం ఎక్కువ. దూదే వద్దు. చెట్టు మధ్యల ఉండేది ఇనుప రాడ్ కాబట్టి వైరు తొడుగు పోతే చెట్టు మొత్తం కరెంటొచ్చే అవకాశముంది, అది పిల్లలకు సుత ప్రమాదం. రోజు సాయంత్రం ప్లగ్గు పెట్టే ముందు వైరును చెయ్యితోని తడిమి పంటిగాట్లు చూడుండ్రి. గాటుంటే టేపు చుట్టొద్దు, సెట్ పడెయ్యాలె.

జవాబు: వరంగల్_పశువైద్యం

పై ఇద్దరూ చెప్పింది సరైన వరుస. వైద్యం వైపు నుంచి కొన్ని వివరాలు కలుపుతాను.

చమ్కీ, రిబ్బన్, కుట్టు దారం, జనవరిలో ఇంటి ముందు తెగిపడే పతంగుల మాంజా, ఇవన్నీ పిల్లి కడుపులో ఒకే పని చేస్తాయి. పిల్లి నాలుక మీద ముళ్లన్నీ లోపలి వైపుకు తిరిగి ఉంటాయి. దారం నోట్లోకి వెళ్లిందంటే ఉమ్మేయలేదు, మింగాల్సిందే. ఒక కొస నాలుక కింద చుట్టుకుంటుంది, లేదా జీర్ణాశయం చివర ఇరుక్కుంటుంది. రెండో కొసను పేగు ముందుకు తోస్తూ ఉంటుంది. కొస కదలదు కాబట్టి, నాడా లాగితే పైజామా నడుము కుచ్చులు పడ్డట్టు, పేగే ముడుచుకుపోతుంది. ఆ ముడతల లోపలి అంచును దారం కోస్తుంది. రంధ్రం పడితే పేగులోది పొట్టలోకి కారి ఇన్‌ఫెక్షన్ అవుతుంది. దీనికి ఆపరేషన్ తప్ప మార్గం చాలాసార్లు ఉండదు. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

పదేపదే వాంతులు, తిండి మానడం, మూలన దాక్కోవడం, చొంగ కారడం కనిపిస్తే నోరు తెరిచి నాలుక కింద చూడండి. బొటనవేలితో గడ్డం కింద మెత్తని చోట పైకి నొక్కితే నాలుక లేస్తుంది, కింద దారం ఉంటే కనిపిస్తుంది. నోట్లో కానీ, మలద్వారం దగ్గర కానీ దారం కనిపిస్తే దయచేసి లాగకండి. లోపల ముడుచుకున్న పేగును మీ చేతులతో మీరే కోసినట్టవుతుంది. కత్తిరించడం కూడా డాక్టరు చూశాకే. నెయ్యి, ఆముదం, ఇసబ్‌గోల్ పట్టి జార్చే ప్రయత్నం వద్దు. ఉప్పు నీళ్లతో వాంతి చేయించడం ఇంకా ప్రమాదం. ఎక్స్‌రేలో దారం స్వయంగా కనిపించకపోవచ్చు, పేగు ముడుచుకున్న తీరు కనిపిస్తుంది. అందుకే ఏం మింగిందో, ఎప్పుడు మింగిందో మీకు తెలిసినంత చెప్పండి, మిగిలిన దండ ముక్క చేత్తో పట్టుకెళ్లండి.

కరెంటు షాక్ తగిలితే పిల్లిని ముట్టుకునే ముందు ప్లగ్గు పీకండి. అందకపోతే మెయిన్ ఆపండి. అదీ కుదరకపోతే ఎండిన కర్రతో వైరును నెట్టండి. పెదవుల మూలల్లో, నాలుక మీద తెల్లగా లేదా బూడిదరంగులో కాలిన మచ్చ ఉంటుంది. పిల్లి లేచి నడిచింది కదా అని ఊరుకోవద్దు. షాక్ తగిలిన కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పడుకుని ఉన్నప్పుడు పక్కటెముకలు నిమిషానికి ఎన్నిసార్లు లేస్తున్నాయో లెక్కపెట్టండి. మామూలుగా ఇరవై, ముప్పై మధ్య ఉంటుంది. నలభై దాటినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా వెంటనే బయల్దేరండి. నొప్పి అని పారాసిటమాల్ మాత్రం వేయకండి. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

డాంబర్ గోలీల్లో ఉండేది నాఫ్తలీన్. అది ఎర్ర రక్తకణాలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మూట కట్టినా పిల్లి దాన్ని గోటితో చింపగలదు, బంతిలా ఆడుకోగలదు. మనుషుల కాలేయం కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే పద్ధతి పిల్లి కాలేయంలో చాలా బలహీనం. ఫినాయిల్, నీలగిరి తైలం, కర్పూరం నూనె, నిమ్మ నూనె, టీ ట్రీ నూనె ఏదైనా అంతే. చెట్టు మీద చల్లితే ఆ చినుకు పంజాకు అంటుతుంది, పంజా నాకుతుంది, కడుపులోకి పోతుంది. కాబట్టి 'వాసనకే కదా' అనే మాట పిల్లి విషయంలో చెల్లదు. సంత్రా తొక్క వేరు, సంత్రా నూనె వేరు.

మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, హన్మకొండలో, వరంగల్‌లో పెంపుడు జంతువుల క్లినిక్‌లు ఉన్నాయి. డిసెంబరు 24 రాత్రి, 25న ఎవరు తెరిచి ఉంటారు, పిల్లికి మత్తిచ్చి పొట్ట ఆపరేషన్ చేసే వీలు ఎక్కడుంది అన్నది డిసెంబరు మొదటి వారంలోనే ఫోన్ చేసి కనుక్కోండి. పండగ రాత్రి వెతుక్కుంటూ తిరిగితే పోయేది సమయం.

బాలసముద్రం_రెండుపిల్లులు

అందరికి చాన థ్యాంక్స్. చమ్కీ, దూది, గాజు బంతులు పక్కన పెట్టేసిన. ఇంకో మూడు సంగతులు. పాకల వరిగడ్డి చూస్తే రెండు పిల్లులు పోయి పడుకుంటయి, అది ఎట్ల ఆపాలె? మగపిల్లి ఈ మధ్యన తలుపు మూలలకు మూత్రం చిమ్ముతుంది, చెట్టుకు కూడ చిమ్ముతదా? ప్లాస్టిక్ చెట్టు బదులు నర్సరీల దొరికే కుండీ మొక్క పెడితే పిల్లులకు ఏమన్న తేడా ఉంటదా?

జవాబు: జగిత్యాల_నర్సరీ

మొక్క గురించి చెప్తాను. ఇక్కడి నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మేది ఎక్కువగా అరకేరియా. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు ఉంటాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ పిల్లులున్న ఇంటికి రెండు ఇబ్బందులు. ఒకటి, ఆకు నమిలితే వాంతులయ్యే అవకాశం ఉంది. రెండు, దాని నడిమి చిగురు విరిగిందంటే మొక్క మళ్లీ తిన్నగా పెరగదు, ఆ ఆకారం శాశ్వతంగా పోతుంది. మూడడుగుల మొక్క నాలుగు కిలోల పిల్లిని మోయదు. కొమ్మలు కూడా మెత్తనివి, పట్టున పది ఇరవై గ్రాముల బొమ్మలకంటే బరువు పెట్టకూడదు. తీసుకున్నా దాన్ని బల్ల మీద, పిల్లి ఎక్కలేని గదిలో పెట్టుకోవాలి. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా తగిలితే కింది కొమ్మలు ఎండుతాయి కాబట్టి ఐదు వారాలు లోపల ఉంచడం దానికీ కష్టమే. పగటిపూట వెలుతురు పడే చోట పెట్టండి, మట్టి పై అంగుళం ఎండాకే నీళ్లు పోయండి.

తూజా, అంటే మోర్‌పంకీ, కొందరు క్రిస్మస్‌కు వాడతారు. దాని ఆకు నూనెలో విషగుణం ఉంది, పిల్లి నమిలే అలవాటుంటే వద్దు. సరుగుడు కొమ్మ కోసుకొచ్చి బకెట్‌లో నాటే పద్ధతీ ఉంది. అది వారం దాటితే ఎండి రాలుతుంది, ఎండిన కొమ్మకు లైట్లు కడితే నిప్పు భయం. ఐదు వారాలకు పనికిరాదు. మీకు ప్లాస్టిక్ చెట్టే మేలు.

చెట్టు పక్కన పెట్టే మిగతా మొక్కల మీద కూడా ఓ కన్నేయండి. ఎర్రాకుల పాయిన్‌సెట్టియా గురించి భయం ఎక్కువ, దాని పాలు నోటికి మంట పెడతాయి, కొద్దిగా వాంతి అవుతుంది, అంతే. అసలు భయపడాల్సింది బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ (లిలియం) పూలకు, దండల్లో కట్టే చిన్న తెల్ల లిల్లీ కాదు. రేకు, ఆకు, పుప్పొడి, పూలు పెట్టిన నీళ్లు, ఏది పిల్లి కడుపులోకి పోయినా కిడ్నీలు చెడిపోతాయి. పుప్పొడి ఒంటి మీద పడి నాకినా చాలు. పండక్కి ఎవరైనా లిల్లీల బొకే తెస్తే ఇంట్లోకి తీసుకోకండి. గుమ్మం పక్కన కుండీలో సైకస్ ఉంటే అదీ పిల్లికి అందకుండా చూడండి, దాని గింజ కాలేయాన్ని పాడు చేస్తుంది.

జవాబు: కాజీపేట_పిల్లులపెంపకం

మిగిలిన రెండు నేను చెప్తా.

పాక నేల మీద ఉంటే పిల్లి పడుకుంటది, డిసెంబరు చలిల గడ్డి దానికి వెచ్చగ ఉంటది. దీన్ని ఆపుడు కన్నా తప్పించుడు సులువు. వాటికి వేరే అట్టడబ్బల పాత దుప్పటి, గుప్పెడు అదే వరిగడ్డి వేసి చెట్టుకు దూరంగ, మీరు కూసునే జాగ పక్కన పెట్టుండ్రి. పాకను మాత్రం బల్ల మీదికి ఎత్తి ముందల కోళ్ల జాలి బిగియ్యాలె. అర అంగుళం కన్నుల జాలి అయితే దూరం నుంచి కనపడదు, పంజా లోపలికి పోదు. పాక లోపల గడ్డిని పొరకొక్కసారి ఫెవికాల్ నీళ్లు చల్లి అట్టకు అతికిస్తే లాగినా రాదు, తవ్వడానికి వీలుండదు. ప్లాస్టర్ బొమ్మల అడుగుకు రెండు దిక్కుల జిగురుండే ఫోమ్ టేపు వెయ్యాలె. గొర్రెపిల్ల బొమ్మలు చిన్నగుంటయి కాబట్టి నోట కరుచుకపోతయి, వాటిని మొదలు అతికియ్యాలె. పాక లోపల బల్బు పెట్టేది కూడ యూఎస్‌బీదే పెట్టుండ్రి, గడ్డి ఎండుది.

మూత్రం చిమ్ముడు: ఎనిమిది నెలలంటే మగపిల్లికి వయసొచ్చింది. నిలువుగ, కొత్తగ ఉన్న దేనికైన గుర్తు పెడ్తది, చెట్టు దానికి సరిగ్గ సరిపోయే వస్తువు. కిటికీ అవతల గండుపిల్లులు తిరుగుతుంటే ఇంకా ఎక్కువ చిమ్ముతది. చెట్టు పెట్టే ముందే ఆపరేషన్ చేపిస్తే మంచిది. అయినంక కూడ ఆ అలవాటు తగ్గడానికి కొన్ని వారాలు పడ్తది, అందుకే నవంబరుల చేపిస్తే బాగుండేది, ఇప్పుడైనా ఆలస్యం చెయ్యొద్దు. అప్పటిదాక కిటికీ కింది సగానికి కాగితం అతికించి బయటి పిల్లులు కనపడకుండ చెయ్యుండ్రి. చెట్టు మీద చిమ్మితే ఆ కొమ్మను సబ్బు నీళ్లతోని తుడిచి, వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి ఇంకోసారి తుడవాలె. లైట్ల ప్లగ్గు పీకినంకనే. ఫినాయిల్ గాని, బ్లీచింగ్ గాని వాడొద్దు. బ్లీచింగ్ మూత్రంతోని కలిస్తే ఘాటు వాయువు లేస్తది, అది మీకు, పిల్లికి ఇద్దరికి చెడ్డది.

ఇంత చేసినా మగపిల్లి ఆగకపోతే కోళ్ల జాలి మూడడుగుల ఎత్తుది, చెట్టు చుట్టు రెండడుగుల దూరంల గుండ్రంగ నిలబెట్టి బైండింగ్ వైరుతోని కొసలు కలపాలె. కొసలు లోపలికి మడవాలె, బయటికుంటే గీసుకుంటయి. జాలిని ఊగేటట్టు వదులుగ ఉంచుండ్రి. గట్టిగ బిగిస్తే దాన్ని నిచ్చెన లెక్క ఎక్కుతది, ఊగే దాన్ని నమ్మి ఎక్కదు. మీరు ఇంట్ల లేనప్పుడు, రాత్రి పడుకున్నప్పుడు హాల్ తలుపు వేసుకునే వీలుంటే అదే అన్నింటికన్న మేలు.

జనవరి 6 నాడు విప్పేటప్పుడు పిల్లులను వేరే గదిల పెట్టి తలుపు వెయ్యండ్రి. పైకెళ్లి కిందికి విప్పాలె, తాళ్లు చివరికి విప్పాలె. ముందే తాడు విప్పితే చెట్టు బొమ్మలతోని ఒరుగుతది. ప్లాస్టిక్ ఆకులు రాలినవి, వైరు ముక్కలు, ట్యాగ్ కొసలు దివాన్ కింద, సోఫా కింద దాక ఊడ్చినంక, తడిబట్ట ఒక్కసారి వేసినంకనే తలుపు తియ్యుండ్రి. ఆ తర్వాత వారానికే సంక్రాంతి. మిద్దె మీద, వాకిట్ల తెగిపడ్డ మాంజా రోజు పొద్దున ఏరి మూత ఉన్న డబ్బల వెయ్యాలె. చెత్తబుట్టల వేస్తే పిల్లి బయటికి గుంజుతది.